కాకినాడ నుంచి అంతర్వేది దాకా: చమురు తెట్టు వస్తే ఏ మొగ ఎలా కాయాలి

ఫిబ్రవరి 9, 2025, ఆదివారం. కాకినాడ, కుంభాభిషేకం రేవు

నడిసంద్రంలో చమురు ఒలికితే డెల్టాలోకి ఎక్కడెక్కడ దూరుతుంది, ఎక్కడ నిలబెట్టి ఎత్తగలం? ఇది చూసుకుంటూ ఒడ్డు వెంట చేసిన తిరుగుడు. గుళ్ళూ గోపురాలూ ఇందులో తక్కువ, బురదా, మొగలూ (నది సముద్రంలో కలిసే మూతులు) ఎక్కువ. తిండికి మాత్రం ఎక్కడా లోటు రాలేదు.

తెల్లారేసరికే రేవులో చేపల వేలం జోరందుకుంది. బోట్ల మధ్య నీళ్ళ మీద హరివిల్లు రంగులు కదులుతున్నాయి. ఏదో ఇంజను అడుగునుంచి కారిన డీజిల్. చమురు లెక్క నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు, ఎందుకంటే రంగుని బట్టే పొర మందం చెప్పొచ్చు. ఉత్తర సముద్రపు దేశాలు బాన్ ఒప్పందం కింద రాసుకున్న పట్టికనే ఇప్పుడు అన్నిచోట్లా వాడుతున్నారు. వెండి రంగు పొర మందం 0.04 నుంచి 0.3 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). హరివిల్లు రంగులు కనిపిస్తే 0.3 నుంచి 5. లోహంలా మెరిస్తే 5 నుంచి 50. చమురు తన అసలు నల్లరంగులో ఎడతెగకుండా కనిపిస్తే 200 మైక్రాన్లు దాటినట్టు.

మన కొలతల్లో చూస్తే, ఒక్క లీటరు డీజిల్ ఒక మైక్రాన్ మందాన పరుచుకుంటే పాతిక సెంట్ల నీళ్ళని రంగులతో నింపేస్తుంది. ఇంకా పల్చబడి వెండి రంగుకి వస్తే రెండున్నర ఎకరాలు. అదే లీటరు నల్లగా నిలిస్తే ఐదు చదరపు మీటర్లు, అంటే ఒక నులకమంచం, దాని పక్కన కాస్త చోటు. ఫోన్లలో తిరిగే బొమ్మలు చూసి ఒలికినదెంతో చెప్పబోతే తప్పేది ఇక్కడే. మొత్తం తెట్టులో తొంభై శాతం చమురు పదో వంతు వైశాల్యంలోనే పోగుపడి ఉంటుంది. బోట్లని ఆ నల్లమచ్చకే పంపాలి. బోటులో కూర్చుంటే అది కనబడదు. విమానమో డ్రోనో పైనుంచి చూసి దారి చెప్పాలి. హరివిల్లు పొరలో రోజంతా తిరిగిన బోటు గిన్నెడు చమురు కూడా తేలేదు.

వేలం దగ్గర మంచి చోట నిలబడి దారికి అడ్డమైతే మాట పడాల్సిందే. "కాస్త పక్కకి జరుగుదురూ, బుట్ట తగుల్తాదండీ" అని ఒకావిడ గదమాయించింది. కోపంలోనూ 'అండీ' వదలని ఊరు ఇది. బయట బండి మీద పెసరట్టు ఉప్మా యాభై రూపాయలు. అల్లం పచ్చడి రెండోసారి అడగకుండానే వేశాడు. మధ్యాహ్నం గొట్టం కాజా అరకిలో కొనుక్కుని బయటికి వచ్చేశాం.

ఫిబ్రవరి 10. హోప్ ఐలాండ్

అటవీ శాఖ అనుమతి ఉన్న బోటు. సరంగు మూడు వేలతో మొదలెట్టి రెండున్నరకి దిగాడు. డీజిల్ ధర వినిపిస్తూ దిగాడు కాబట్టి ఇక బేరమాడబుద్ధి కాలేదు.

గోదావరి ఒండ్రు రెండు వందల ఏళ్ళలో పేర్చిన ఇసుక దిబ్బ ఇది. కాకినాడ అఖాతానికి తూర్పున గోడలా అడ్డం పడుకుని ఉంటుంది. తుఫాను అలల్ని ఆపేది ఇదే. చమురు విషయంలో ఇదే గోడ రెండు రకాలుగానూ పనిచేస్తుంది. తూర్పునుంచి వచ్చిన తెట్టుని ఇసుక మీదే నిలేస్తుంది. ఇసుక మీది చమురుని ఎత్తడం తేలిక. ఉత్తరపు మూతి చుట్టి పోటుతో పాటు అఖాతంలోకి వచ్చేసిందంటే మాత్రం, లోపల అల లేదు, లోతు లేదు, నీళ్ళు మారడం నెమ్మది. దక్షిణాన కోరంగి మడ. ఇక బయటికి పోయే దారి ఉండదు.

ఎంత టైముంటుంది? కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ లోతు నీళ్ళలో ఓఎన్‌జీసీ 2024 జనవరి 7న తొలి చమురు తీసిన బ్లాకు తీరానికి సుమారు 35 కిలోమీటర్లు. తెట్టు కదలిక లెక్క చిన్నది: నీటి ప్రవాహం వేగం పూర్తిగా, గాలి వేగంలో మూడు శాతం. గాలి 10 నాట్లు, అంటే గంటకి 18.5 కిలోమీటర్లు ఒడ్డు వైపు కొడుతుంటే దాని వాటా గంటకి అరకిలోమీటరు. ప్రవాహం అర నాట్ అదే దిశలో ఉంటే ఇంకో 0.9. రెండూ కలిసి తోస్తే ఒక పగలూ ఒక రాత్రిలో ఒడ్డు చేరుతుంది. రెండూ ఒకే దిక్కున ఉండటం అరుదు గనక మామూలుగా ఇంకా ఎక్కువే దొరుకుతుంది. కానీ ఏర్పాట్లు ఆ ఒక్క రోజు లెక్కనే చేసుకోవాలి.

దిక్కు నెలని బట్టి మారుతుంది. తూర్పు తీరపు ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. ఓడలరేవు ఎదురుగా మార్చిలో ఒలికింది కాకినాడ వైపు వస్తుంది. నవంబరులో ఒలికింది అంతర్వేది దాటి కృష్ణా జిల్లా వైపు పోతుంది. ఇంత చిన్న విషయం తెలియక బూమ్‌లన్నీ, అంటే చమురుని ఆపే తేలే తడికలన్నీ, ఒకే గోడౌనులో పెట్టుకుంటే సగం ఏడాది అవి తప్పు చివర ఉన్నట్టే.

తిరుగుదారిలో సరంగు అడిగాడు, అమెరికాలో పోయినంత పోతే ఏం చేస్తారని. 2010 ఏప్రిల్ 20న మెక్సికో అఖాతంలో డీప్‌వాటర్ హొరైజన్ పేలింది. 11 మంది పోయారు. కిలోమీటరున్నర లోతున బావి మూతి 87 రోజులు తెరుచుకునే ఉంది. అక్కడి ప్రభుత్వ అంచనా 49 లక్షల బారెళ్ళు, దగ్గర దగ్గర 78 కోట్ల లీటర్లు. వేల పడవలు దించారు. 411 సార్లు సముద్రం మీదే చమురు తగలబెట్టారు. ఇంతా చేస్తే తగలబడింది ఐదు శాతం, పైనుంచి తోడింది మూడు శాతం. మిగతా దానిలో కొంత బావి మూతి దగ్గరే గొట్టంతో పట్టుకున్నారు, చాలా భాగం ఆవిరైంది, కరిగింది, చెదిరింది, ఒడ్డుకి కొట్టుకొచ్చింది. సరంగు వేళ్ళు మడిచి లెక్కేసి "నూటికి మూడా!" అని స్టీరింగు వైపు తిరిగిపోయాడు.

ఇసుక మీద చచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు కనిపించాయి. ఇది గుడ్లు పెట్టే కాలం. ఈ నెలల్లో ఇక్కడ చమురు ఎత్తాల్సొస్తే రాత్రి లైట్లు, ట్రాక్టర్లు రెండూ నిషేధం అనుకోవాలి.

ఫిబ్రవరి 11. కోరంగి

235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. చెక్కబాట మీద నడుస్తుంటే రెండు పక్కలా బురదలోంచి మేకుల్లా నిలువుగా లేచిన ఊపిరి వేళ్ళు. తెల్ల మడ, నల్ల మడ బతికేది వాటి మీదే. ఆ వేళ్ళకుండే సన్నటి రంధ్రాల మీద చమురు పూతపడితే చెట్టుకి వెంటనే ఏమీ అవదు. వారాలు, నెలలు గడిచాక ఆకులు పసుపెక్కి రాలతాయి. అప్పటికి టీవీ వాళ్ళూ ఉండరు, అధికారులూ ఉండరు.

బురదలో పీతల బొరియలు చూడండి, అడుగుకి నాలుగు. చమురు వాటిగుండా లోపలికి దిగిందంటే అక్కడ గాలి ఉండదు, కుళ్ళదు. పనామాలో 1986లో ఒడ్డునున్న ట్యాంకు పగిలి మడలోకి పోయిన చమురు, ఏళ్ళు గడిచాక కూడా వానకీ పోటుకీ బురదలోంచి ఊరుతూనే ఉంది. అందుకే మడలో మొదటి నియమం: మనిషి దిగకూడదు. గమ్‌బూటుతో ఒక్క అడుగు వేస్తే పైనున్న చమురు మోకాలి లోతుకి దిగుతుంది. శుభ్రం చేస్తామని వందమందిని దించడమంత నష్టం ఇంకోటి లేదు.

చేయగలిగింది అంచున నిలబడి కడగడం. పాటు వేళ, నీళ్ళు వెనక్కి తీస్తున్నప్పుడు, పాయలోని నీళ్ళనే తోడి మెల్లగా వదలాలి. పొలాలకి వాడే ఇంజను చాలు. గొట్టం మూతిని బొటనవేలితో నొక్కి జెట్‌లా కొట్టకూడదు, వేడినీళ్ళు అసలే వద్దు. కొట్టుకొచ్చిన చమురు బూమ్ దగ్గర ఆగితే అక్కడ తోడుకోవాలి. మడ దగ్గర, లోతు తక్కువ నీళ్ళలో డిస్పర్సెంట్ (చమురుని సన్నటి బొట్లుగా విడగొట్టే మందు) చల్లకూడదు. ఎక్కడ చల్లాలన్నా కోస్ట్ గార్డ్ ఒప్పుకోవాలి.

అసలు పని అంతకుముందే, పాయ మూతి దగ్గర జరగాలి. బూమ్ అంటే నీటి మీద అడుగో అడుగున్నరో తేలి, కింద స్కర్టు, దాని అంచున గొలుసు బరువు ఉండే తడిక. దాన్ని ప్రవాహానికి అడ్డంగా కట్టడమే అందరూ చేసే పని, అది పనికిరాదు. నీటి వేగం 0.7 నాట్ దాటితే, అంటే గంటకి కిలోమీటరు పావు పైన, చమురు స్కర్టు కిందనుంచి దూరి అవతల తేలుతుంది. పోటు వేళ ఇక్కడి పాయల్లో అంతకు మించే ఉంటుంది. కాబట్టి ఏటవాలుగా కట్టి చమురుని ఒక గట్టుకి మళ్ళించాలి. 1.5 నాట్లకి ప్రవాహంతో 28 డిగ్రీలు, 2 నాట్లకి 20. అరవై మీటర్ల పాయకి 28 డిగ్రీల్లో కట్టాలంటే 130 మీటర్ల బూమ్ కావాలి, 20 డిగ్రీలైతే 175. ఆరు గంటల తర్వాత నీరు తిరగబడుతుంది గనక రెండో వైపుకీ అంతే.

బరువు సంగతి మరిచిపోతే రాత్రికి రాత్రే బూమ్ కొట్టుకుపోతుంది. అరవై సెంటీమీటర్ల స్కర్టు ఉన్న వంద మీటర్ల బూమ్‌ని అర నాట్ ప్రవాహం 390 కిలోల బలంతో తోస్తుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు, పదిహేను వందల కిలోలు దాటుతుంది. ఈ మెత్తటి బురదలో చిన్న లంగర్లు దున్నుకుంటూ జారతాయి. ఇక్కడి జాలర్లు వలలకి పాతే సరుగుడు కర్రలే మెరుగు, జంటగా లోతుగా దిగేస్తే. బూమ్ కర్రకి ముడేస్తే మాత్రం పోటుకి మునుగుతుంది, పాటుకి వేలాడుతుంది. కర్ర చుట్టూ పైకీ కిందకీ జారే కడియం వెయ్యాలి. గట్టు దగ్గర బురదని అంటుకునే రకం బూమ్ వేరే ఉంది. పైన గాలి, కింద రెండు అరల్లో నీళ్ళు. మామూలు బూమ్ అంచు పాటు వేళ బురద మీద వాలిపోయి చమురుకి దారి ఇచ్చేస్తుంది.

ఫిబ్రవరి 12. యానాం, భైరవపాలెం

రాత్రి యానాంలో బస. బర్డ్ ఫ్లూ ఖాయమని ముందురోజే వార్త రావడంతో కోడికూర ఎవరూ ముట్టడం లేదు. హోటలాయన రొయ్యల ఇగురు మీద ఇరవై రూపాయలు పెంచి, అడక్కుండానే సంజాయిషీ చెప్పాడు.

భైరవపాలెం మొగ దాకా వెళ్దామంటే ఫోను మ్యాపు నేరుగా రొయ్యల చెరువుల గట్ల మీదికి తీసుకెళ్ళింది. దారి ఇంకా ఇంకా సన్నబడి చివరికి ఒక మోటారు షెడ్డు దగ్గర ఆగిపోయింది. మ్యాపు నమ్మితే ఇంతే. కాపలా ఉన్న కుర్రాడు బైకుల్ని వెనక్కి తిప్పడానికి సాయం పట్టి, "నీళ్ళు తాగి ఎల్లండి" అని బిందె చూపించాడు.

ఆ షెడ్డే చూడాల్సినది. ఉప్పునీటి కాలవనుంచి చెరువుల్లోకి నీళ్ళు తోడే మోటార్లు ఇలాంటివి ఈ పాయల వెంట లెక్కలేనన్ని. తెట్టు వస్తుందన్న కబురు అందగానే ఇవి ఆపాలి, తూములు మూయాలి. చెరువు నిండా ఉంటే ఏరేటర్లతో కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. కబురు అందని ఒక్క మోటారు రాత్రంతా తిరిగితే ఆ రైతు పంట చేతికి రాదు. రొయ్యకి చమురు వాసన పట్టిందంటే అది బతికున్నా కొనేవాడుండడు. బూమ్ కొనే ముందు చేయాల్సిన పని ఫోను నంబర్ల పట్టిక. ఏ కాలవ మీద ఎన్ని మోటార్లు, ఎవరివి.

సాయంత్రం మొగ దగ్గర పోటు చూశాం. మాఘ పౌర్ణమి, నీరు కర్రలని వణికిస్తూ లోపలికి దూసుకొస్తోంది. గౌతమి మొగని బూమ్‌తో మూయడమన్నది ఎవరు చెప్పినా నమ్మకండి. ఇంత వెడల్పుని ఎవరూ మూయలేరు. వదిలెయ్యాల్సిన మొగలేవో, కాయగలిగిన చిన్న పాయలేవో ముందే తేల్చుకోవాలి. వరదల నెలల్లో మాత్రం గోదావరే బయటికి తోస్తుంది. జూలై, ఆగస్టుల్లో పెద్ద మొగలకి అంతకు మించిన కాపలా లేదు.

ఫిబ్రవరి 13. సురసాని యానాం, అంబాజీపేట, పాశర్లపూడి

సురసాని యానాం ఒడ్డు వెనకాలే రవ్వ చమురు ప్లాంటు. చమురుని నడిసంద్రంలో బోయాకి కట్టిన ట్యాంకర్లలోకి ఎక్కిస్తారు. ఎక్కడైనా సరే ఇలాంటి ఏర్పాటులో తేలే గొట్టాల దగ్గరే కన్నేసి ఉంచాలి. లోపలి వ్యాసం 40 సెంటీమీటర్ల గొట్టంలో వంద మీటర్లకి 12,500 లీటర్లు నిలిచి ఉంటాయి. గొట్టం తెగితే, వాల్వులు కట్టేశాక కూడా పోయేది అదే.

ఇసుక ఒడ్డున పని మడలో కన్నా నయం, కానీ దాన్ని చెడగొట్టడం తేలిక. జేసీబీ దించితే చమురు కింది ఇసుకలో కలిసిపోతుంది, ఎత్తాల్సింది పదింతలవుతుంది. చదును పారలతో పైపొర గీకి సంచికెత్తాలి. మనిషి రోజుకి ఒకటి, రెండు ఘనపు మీటర్లు ఎత్తగలడు. సంచి పదిహేను, ఇరవై కిలోలు దాటకూడదు, లేకపోతే మోసేటప్పుడు చినుగుతుంది. ఎండలో పాలిథిన్ సంచులు కొద్దిరోజులకే పొడిపొడి అవుతాయి. మొదటి గంటల్లో తాజా చమురు ఆవిర్లు కొడుతుంటే గాలి చమురు మీదుగా వీచే వైపు ఎవరినీ నిలబెట్టకూడదు, గ్యాస్ మీటరు లేకుండా దగ్గరికి పంపకూడదు. చేతులకంటిన చమురుని పెట్రోలుతో తుడుచుకుంటారు, అది చర్మంలోకి పోతుంది. కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిచి సబ్బుతో కడగాలి. కోనసీమలో దానికి కొదవా!

2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు పోయినది సుమారు 196 టన్నుల ఇంధన చమురు. మొదట చెప్పిన అంకెలు దీని దరిదాపుల్లో లేవు. నీళ్ళు కలిసి ముదిరిన బెల్లం పాకంలా తయారైన దాన్ని యంత్రాలు లాగలేక, జనం బకెట్లతో ఎత్తారు. చమురు అలల్లో చిలికితే అరవై నుంచి ఎనభై శాతం దాకా నీళ్ళు పట్టి రెండున్నర నుంచి ఐదింతల దాకా అవుతుంది. ఇసుక, సంచులు, గ్లవ్స్ అన్నీ కలిపితే చెత్త ఒలికిన దానికి పది నుంచి ముప్ఫై రెట్లు. జాతీయ ప్రణాళిక ప్రకారం 700 టన్నుల దాకా మొదటి తరగతి, అంటే అక్కడివాళ్ళే చూసుకోవలసినది. 700 టన్నులకి చెత్త ఏడు వేల టన్నులు తక్కువ కాదు. ఈ ఒడ్డున అది పోసే మెరక ఎక్కడుంది? ఒకవైపు సముద్రం, ఇంకోవైపు పర్రభూములు, ఆపైన కొబ్బరితోటలు, బావులు. దారంతా వెతికినది చెత్త పోసే చోటు. దొరికినవి చాలా కొద్ది.

అంబాజీపేటలో పొట్టిక్కలు. పనసాకు బుట్టల్లో ఉడికిన ఇడ్లీ, ఆకు వాసనతో. ప్లేటు నలభై. పక్కనే కొబ్బరి పీచు యార్డులు. యజమాని బొండాం కొట్టించి చేతిలో పెట్టి, తాగేదాకా మాట మొదలెట్టలేదు. డబ్బులివ్వబోతే చిన్నబుచ్చుకున్నాడు. ఆరిన పీచు, కొబ్బరి పొట్టు, వరిగడ్డి చమురుని బాగా పీలుస్తాయి. విడిగా చల్లితే మాత్రం మునిగిపోతాయి, మళ్ళీ ఏరలేం, చెత్త మాత్రం పెరుగుతుంది. వల సంచుల్లో కూరి, మధ్యలో ఖాళీ ప్లాస్టిక్ బాటిళ్ళు పెట్టి, తాడుకి వరసగా కట్టాలి. 2020లో మారిషస్‌లో వకాషియో ఓడ పగిలినప్పుడు అక్కడి జనం చెరుకు ఆకులు కూరి ఇలాగే కట్టారు. ఇవి ప్రవాహాన్ని ఆపవు, కాలవ తూముల దగ్గర పలుచటి పొరని పీల్చడానికి పనికొస్తాయి. తడిసి బరువెక్కగానే మార్చాలి.

పాశర్లపూడి మీదుగా వెళ్తుంటే టీకొట్టు దగ్గర మాట మళ్ళీ 1995కే పోయింది. ఆ ఏడు జనవరి 8న ఇక్కడ అంటుకున్న గ్యాస్ బావి 65 రోజులు మండింది. ఇక్కడ ఎవరికైనా ప్రమాదమంటే మంట, శబ్దం, పరుగు. సముద్రంలో చమురు చప్పుడు చెయ్యదు. ఊళ్ళలో కసరత్తు చేయించేవాళ్ళు ఈ తేడా చెప్పకపోతే, జనం ఒడ్డునుంచి పారిపోవడం ఒక్కటే నేర్చుకుంటారు.

ఫిబ్రవరి 14. అంతర్వేది, సఖినేటిపల్లి రేవు

తీర్థం సందడి ఇంకా పూర్తిగా సద్దుమణగలేదు. జీళ్ళ దుకాణాలు విప్పుతున్నారు, ధర సగానికి సగం. పల్లిపాలెంలో ఎండు చేపలమ్మే మామ్మ మెత్తళ్ళు తూచి, కాగితం లేకుండా లెక్క నోటితోనే చెప్పింది. నష్టపరిహారం దగ్గర ఇబ్బంది వచ్చేది ఈ నోటి లెక్కతోనే. ట్యాంకరు నుంచి ఒలికితే అంతర్జాతీయ నిధి ఉంది, భారత్ అందులో సభ్యురాలు. నష్టం జరిగిన మూడేళ్ళలోపు దావా పడాలి. డీజిల్ బిల్లు, అమ్మిన చేపల చీటీ, తేదీ పడ్డ ఫోటో అడుగుతారు. సముద్రంలోని చమురు ప్లాట్‌ఫారం నుంచో బావి నుంచో ఒలికితే ఆ నిధి వర్తించదు, ఆ కంపెనీనే అడగాలి. రెండు సందర్భాల్లోనూ చీటీ లేనివాడు వెనకబడతాడు.

నరసాపురం వైపు దాటడానికి పంటు ఎక్కాం. మనుషులు, బైకులు, ఒక గడ్డి ఆటో, రెండు కార్లు. పంటు డెక్కు చూస్తే మొత్తం దారిలో కనిపించిన పరికరాల్లో ఇదే అన్నిటికన్నా పనికొచ్చేదనిపించింది. అడుగు చదును, లోతు తక్కువ నీళ్ళలోకి పోతుంది, జెట్టీ లేకుండా గట్టుకి మూతి ఆనించి దింపుతుంది. సెప్టిక్ ట్యాంకు లారీని దీని మీదికి ఎక్కిస్తే తేలే వాక్యూమ్ పంపు అవుతుంది. నదిలోనే, అల లేని చోట మాత్రమే. మొగ దాటించకూడదు. బూమ్ లాగడానికి ఇంజను సరిపోతుందా అన్నది లెక్కేశాం. ఇన్‌బోర్డు ఇంజను ఒక్కో హార్స్‌పవర్‌కి సుమారు 20 కిలోలు లాగుతుంది, అర నాట్‌లో వంద మీటర్ల బూమ్‌కి ఇరవై హార్స్‌పవర్ చాలు. నడిపేవాడు అంత నెమ్మదిగా నడపగలడా అన్నదే అనుమానం. 0.7 నాట్ కన్నా మెల్లగా పోవాలంటే చాలా ఇంజన్లు ఆగిపోతాయి.

పంటు నడిపే ఆయన్ని అడిగితే, "ఆయ్, ఎంత మెల్లగానైనా తోల్తామండి. డీజిల్ ఎవరు పోస్తారో, రోజుకి ఎంతిస్తారో ముందే రాసియ్యమనండి. తుఫాను పనికి పిలిచిన బాకీయే ఇంకా రాలేదు" అన్నాడు.